మెమరీ కొనబోయే ముందు ఒక మాట



మా పెద్దబ్బాయి ఇంజనీరింగు కాలేజీలో చేరిన సంవత్సరం, అనగా 2025లో, ఒక సాయంత్రం మా ఎదుట నిలబడి, "నాన్నగారూ, నేనొక కంప్యూటరు కట్టుకుంటాను. తయారైనది కొనడం కాదు. విడిభాగాలు తెచ్చుకుని నేనే బిగించుకుంటాను" అన్నాడు. దేనికిరా అని అడిగాము. వాడు అబద్ధమాడలేదు. "చదువుకూ పనికొస్తుంది. కానీ ముఖ్యంగా ఆటలకే" అన్నాడు.

ఆ మాట వినగానే మాకు కోపం వచ్చిన సంగతి దాచుకోనక్కరలేదు. వాడు రెండేళ్లపాటు వీధిలోని చిన్నపిల్లలకు సాయంత్రాలు లెక్కలు చెప్పి కూడబెట్టిన డబ్బు అది. అందులో కొంత వాళ్ల అమ్మమ్మ మిరపకాయలు అమ్మిన రోజున చేతిలో పెట్టినది. అంత కష్టార్జితం ఆటలపాలు చేస్తాడా అని మండిపడబోయాము. అప్పుడు వాళ్ల అమ్మ పక్కనుంచి, "వాడు నిజమే చెప్పాడు గదా. నిజం చెప్పినందుకు కోప్పడితే రేపటినుంచి చెప్పడం మానేస్తాడు" అన్నది. ఆ మాటకు మేము నోరు మూసుకున్నాము. ఆ మాట ఎంత నిజమో మాకు తెలియడానికి రెండు నెలలు కూడా పట్టలేదు.

ఈ నెల వ్యాసం ఆ కంప్యూటరులోని ఒక చిన్న భాగాన్ని గురించి. దాని పేరు మెమరీ. దుకాణాలలో ర్యామ్ అంటారు. చూడటానికి జానెడు కూడా లేని ఒక పలక. అయినను మా ఇంట డబ్బునూ, మనశ్శాంతినీ పరీక్షించినది అదే. మీ ఇంటి బిడ్డలు కూడా నేడో రేపో ఇదే కోరిక కోరవచ్చును గనుక, మేము పడుతూ లేస్తూ నేర్చుకున్నది మీతో పంచుకుంటున్నాము.

మెమరీ అంటే ఏమిటి?

వంటిల్లు ఊహించుకోండి. బియ్యం, పప్పులు గాదెలో ఉంటాయి. వండే తల్లి ప్రతి గింజకూ గాదె దగ్గరకు పరుగెత్తదు. ఆ పూటకు కావలసినవి తెచ్చి పొయ్యి పక్కన అరుగు మీద పెట్టుకుంటుంది. కంప్యూటరులో గాదెవంటిది ఎస్.ఎస్.డి. లేక హార్డు డిస్కు. వండే తల్లి ప్రాసెసరు. ఆ అరుగే మెమరీ. అరుగు ఇరుకైతే తల్లి మాటిమాటికీ గాదెకు పోవలసి వస్తుంది. ఆట మధ్యలో బొమ్మ ఆగి ఆగి కదలడానికి ఇదొక కారణం.

అయితే అరుగు ఎంత పెద్దదైనా వంట దానంతట అది త్వరగా కాదు. నలుగురికి వండే ఇంట్లో నలభైమందికి సరిపడే అరుగు కట్టిస్తే ఖాళీగా పడి ఉంటుంది. ఈ ఒక్క సంగతి గుర్తుంచుకుంటే దుకాణంలో సగం మోసపోకుండా బయటపడవచ్చు.

గాదెలో సరుకు కరెంటు పోయినా ఉంటుంది. అరుగు మీదిది మాత్రం తుడిచిపెట్టుకుపోతుంది. 1966లో అమెరికాలోని ఐ.బి.యం. సంస్థలో రాబర్ట్ డెన్నార్డ్ అనే ఇంజనీరుకు, ఒకే ఒక ట్రాన్సిస్టరూ ఒకే ఒక కెపాసిటరూ పెట్టి ఒక బిట్టును నిలపవచ్చుననే ఆలోచన వచ్చింది. 1968లో దానికి పేటెంటు లభించింది. నేటికీ మన కంప్యూటర్లలోని మెమరీ ఆ పద్ధతిమీదనే నడుస్తోంది. కెపాసిటరులోని విద్యుత్తు చిల్లికుండలో నీళ్లవలె కారిపోతూ ఉంటుంది గనుక, సెకనుకు అనేక పర్యాయాలు దానిని మళ్లీ నింపుతూ ఉండాలి. అందుకే కరెంటు పోగానే అందులోనిదంతా పోతుంది. మన పల్లెల్లో కరెంటు సంగతి మీకు తెలియనిది కాదు. కంప్యూటరు కట్టుకునేవారు చిన్నదైనా ఒక యు.పి.ఎస్.కు కొంత డబ్బు పక్కన పెట్టుకోవాలని మా సలహా.

మేము చేసిన పొరపాటు

మేము ఆలోచించి అబ్బాయికి ఒక షరతు పెట్టాము. ఏ భాగమైనా కొనే ముందు కాగితం మీద రాసి మాకు చూపాలి అని. వాడు ప్రాసెసరు, మదర్ బోర్డు రాసి చూపాడు. గ్రాఫిక్స్ కార్డుకు వేరే డబ్బు లేదు గనుక, బొమ్మలు చూపే శక్తి తనలోనే ఉన్న రైజెన్ 5 5600జి అనే ప్రాసెసరు ఎంచుకున్నాడు. అది 2021లో వచ్చినది. దానికి తగిన ఏ.ఎం.4 రకం బోర్డు తీసుకున్నాడు. అంతవరకు అన్నీ సక్రమంగానే జరిగాయి.

మెమరీ దగ్గరకు వచ్చేసరికి తొందరపడ్డాడు. దసరా సెలవుల్లో స్నేహితులతో పట్నం వెళ్లి, ఒక దుకాణంలో "ఆటలకు మంచి ర్యామ్ ఇవ్వండి" అని అడిగాడు. వారు ఇచ్చినది మంచిదే. ధగధగ మెరిసే దీపాలతో, రెండు 16 జీబీ స్టిక్కులు, మొత్తం 32 జీబీ. కాని అది డీడీఆర్5. వాడి బోర్డుకు కావలసినది డీడీఆర్4. ఇంటికి వచ్చి పెట్టబోతే స్లాటులో దిగలేదు. తిరిగి తీసుకువెళితే, పెట్టె విప్పేశారు గనుక తీసుకోము అన్నారు. దుకాణదారుని తప్పు పట్టలేము. ఏ బోర్డుకో వారు అడగలేదు, నిజమే. వీడూ చెప్పలేదు.

ఇక్కడ చదువరులు గమనించవలసిన సంగతి ఉన్నది. డీడీఆర్ అన్నది మెమరీ జాతి పేరు. పక్కనున్న అంకె దాని తరం. డీడీఆర్3 ప్రమాణం 2007లో, డీడీఆర్4 2012లో, డీడీఆర్5 2020లో ప్రకటించబడ్డాయి. డీడీఆర్4కూ డీడీఆర్5కూ పొడవు ఒకటే, పిన్నులు 288 చొప్పున ఒకటే. కాని అడుగున ఉండే గంటు వేరు వేరు చోట్ల ఉంటుంది. కావాలనే అలా పెట్టారు, ఒకదాని చోట మరొకటి దూర్చకుండా. డీడీఆర్4 1.2 వోల్టుల మీద, డీడీఆర్5 1.1 వోల్టుల మీద పనిచేస్తాయి. బలవంతంగా నొక్కితే విరిగేది బోర్డే.

ఏ బోర్డుకు ఏది? ఏ.ఎం.డి. వారి ఏ.ఎం.4 బోర్డులకు డీడీఆర్4 మాత్రమే. 2022లో వచ్చిన ఏ.ఎం.5 బోర్డులకు డీడీఆర్5 మాత్రమే. ఇంటెల్ వారి 12, 13, 14 తరాల ప్రాసెసర్లు రెంటినీ తీసుకుంటాయి గాని, బోర్డు మాత్రం సాధారణంగా ఏదో ఒకదానికే తయారై ఉంటుంది. కొన్ని బోర్డుల పేరు చివర డి4 అని రాసి ఉంటుంది, చూసుకోవాలి. 2024లో వచ్చిన కోర్ అల్ట్రా 200ఎస్ వరుసకు డీడీఆర్5 మాత్రమే. ల్యాప్‌టాపులో పెట్టేవి మరింత పొట్టిగా ఉండే వేరే రకం. అవి బల్లమీద పెట్టే కంప్యూటరుకు పనికిరావు. కాబట్టి ముందు బోర్డు, ఆ తరువాతనే మెమరీ. బోర్డు తయారుచేసినవారు ఏ మెమరీ సరిపడుతుందో పట్టిక ప్రకటిస్తారు. అందులో మనం కొనబోయేదాని పేరు ఉన్నదో లేదో చూసుకోవడం శ్రేయస్కరం.

పెట్టె అడుగున దాచినది

డబ్బు నష్టంకంటె పెద్ద సంగతి తరువాత జరిగింది. అబ్బాయి ఈ పొరపాటు మాతో చెప్పలేదు. వారం వారం ఇంటికి వచ్చినప్పుడు, "ఎప్పుడు బిగిస్తావురా?" అని మేము అడిగితే, "ఇంకో భాగం రావాలి నాన్నగారూ" అనేవాడు. ఒకనాడు వాళ్ల అమ్మ చలికి దుప్పట్లు తీయబోయి వాడి ట్రంకుపెట్టె తెరిస్తే, అడుగున బట్టలకింద ఆ మెమరీ పెట్టె కనిపించింది. పిలిచి అడిగితే తల వంచుకుని, "కాగితం మీద రాసి చూపించకుండా కొన్నాను. తిడతారని చెప్పలేదు" అన్నాడు. నలభైరోజులు ఆ భారం ఒక్కడే మోశాడు.

మేము ఆ రాత్రి సరిగా నిద్రపోలేదు. వాడు చేసిన తప్పు చిన్నది. పద్దెనిమిదేళ్ల పిల్లవాడు ఎవరైనా చేయగలిగినదే. కాని మా ఇంట ఒక బిడ్డ తప్పు చెప్పడానికి నలభైరోజులు భయపడ్డాడంటే, ఆ భయం పెట్టినది ఎవరు? ఆటలు అనగానే ముఖం ముడుచుకున్నది మేమే గదా. తెల్లవారి వాడిని పక్కన కూర్చోబెట్టుకుని, "ఏరా నాన్నా, ఇది మన ఇద్దరి పొరపాటు. ఇక ఇద్దరం కలిసి దిద్దుకుందాం" అని చెప్పాము. ఆ రోజునుంచే మేము ఈ విషయం నేర్చుకోవడం మొదలుపెట్టాము.

ధరలు పెరిగిన నెలలు

ఆ నలభైరోజుల్లో బజారు మారిపోయింది. ప్రపంచంలో మెమరీ చిప్పులు తయారుచేసేవారిలో పెద్దవారు ముగ్గురు. కొరియాలోని శామ్‌సంగ్, ఎస్.కె. హైనిక్స్, అమెరికాలోని మైక్రాన్. కృత్రిమ మేధ కోసం కట్టే పెద్ద పెద్ద డేటా కేంద్రాలు వీరినుంచి విపరీతంగా మెమరీ కొనసాగాయి. ఆ కేంద్రాలకు కావలసిన ప్రత్యేకమైన మెమరీ తయారీకి ఎక్కువ సరుకు పోయేసరికి, ఇళ్లలో వాడే మెమరీకి కొరత వచ్చింది. 2025 చివరి నెలల్లో ధరలు అమాంతం పెరిగాయి. పాతబడుతున్న డీడీఆర్4 తయారీని పెద్దకంపెనీలు తగ్గించుకుంటూ రావడంవలన అదీ పెరిగింది. ఆ డిసెంబరులో మైక్రాన్ సంస్థ, క్రూషియల్ అనే పేరుతో మామూలు ప్రజలకు అమ్మే వ్యాపారాన్ని మానుకుంటున్నట్లు ప్రకటించింది. ఎక్కడో కట్టే కేంద్రాల గిరాకీ మన పల్లెలోని పిల్లవాడి జేబును తాకింది.

అబ్బాయి దగ్గర పొరపాటున కొన్న డీడీఆర్5 విలువ బజారులో దాదాపు రెట్టింపయింది. కాలేజీలో వాడికంటె ఒక సంవత్సరం పెద్దవాడైన విద్యార్థికి సరిగ్గా అదే కావలసి వచ్చింది. "రెట్టింపుకు అడగవచ్చు నాన్నగారూ. ఆ డబ్బుతో నాకు డీడీఆర్4లోనే 32 జీబీ వస్తుంది" అన్నాడు మావాడు. మేము ఏమి చెప్పాలో వెంటనే తోచలేదు. బజారు ధరకు అమ్మడం తప్పని అనలేము. రైతు మిరపకాయలు అమ్మేదీ ఆనాటి ధరకే గదా. చివరకు, "సొమ్ము నీది, నిర్ణయమూ నీది. అతనికి బిల్లు చూపించి అమ్మగలిగిన ధరకు అమ్ము" అని మాత్రం అన్నాము.

వాడు సోమవారం వెళ్లి, శనివారం తిరిగి వచ్చాడు. కొన్న ధరకే ఇచ్చేశాడు. బిల్లు కూడా అతని చేతికే ఇచ్చాడు, రేపు చెడిపోతే గ్యారంటీకి పనికివస్తుందని. ఎందుకురా అని అడిగితే, "అతనూ ట్యూషన్లు చెప్పి కూడబెట్టినదే. బిల్లు ముందు పెట్టి రెట్టింపు అడగడానికి నోరు రాలేదు" అన్నాడు. మేము మరేమీ అనలేదు. ఆ డబ్బుకు వాడికి 32 జీబీ రాలేదు. 16 జీబీ వచ్చింది.

ఎంత కావాలి?

అప్పుడు మాకు ఎదురైన ప్రశ్న ఇది: 16 జీబీ చాలునా? కలిసి కూర్చుని ఆటల తయారీదారులు ప్రకటించిన లెక్కలు చూశాము. విండోస్ 11 నడవడానికే కనీసం 4 జీబీ కావాలి. కౌంటర్ స్ట్రైక్ 2 అనే ఆటకు 8 జీబీ. సైబర్‌పంక్ 2077 అనే పెద్ద ఆటకు 2023లో సవరించిన లెక్క ప్రకారం కనీసం 12, సిఫారసు 16. విమానం నడిపే మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్ 2024కు కనీసం 16, సిఫారసు 32, అత్యుత్తమం అనదగినది 64.

దీనినిబట్టి మేము గ్రహించినది: 8 జీబీతో కొత్తగా కట్టుకోవడం డబ్బు వృథా, ఏడాదిలోనే ఇరుకవుతుంది. 16 జీబీ మొదటి కంప్యూటరుకు గట్టి పునాది. డబ్బుంటే, పెద్ద ఆటలు ఆడాలన్నా, ఆటతోపాటు వీడియో ఎడిటింగు వంటి పనులున్నా, 32 జీబీ సుఖం. 64 జీబీ మామూలు ఆటలకు అనవసరం. పైన చెప్పిన అరుగు సామెత ఇక్కడ వర్తిస్తుంది. అరుగు నిండకపోతే ఎక్కువున్నందున ఆట వేగం పెరగదు.

ఒక జాగ్రత్త. గ్రాఫిక్స్ కార్డు లేకుండా ప్రాసెసరుమీదనే ఆధారపడితే, బొమ్మలకు కావలసిన మెమరీ కూడా ఇదే అరుగు మీదినుంచి పోతుంది. 16లో రెండు జీబీ అటు పోతే మిగిలేది 14. అలాంటి కంప్యూటరులో 8 జీబీ పెట్టుకోవడం మరీ ఇబ్బంది.

ఒకటా, రెండా?

16 జీబీ కావాలంటే ఒకే 16 జీబీ స్టిక్కు కొనవచ్చు, లేక రెండు 8 జీబీ స్టిక్కులు కొనవచ్చు. రెండు కొనడమే మేలు. బండికి ఒక ఎద్దునూ కట్టవచ్చు, జోడెడ్లనూ కట్టవచ్చు. ప్రాసెసరుకు మెమరీతో మాట్లాడే దారులు సాధారణంగా రెండుంటాయి. ఒకే స్టిక్కు పెడితే ఒక దారి ఖాళీగా పడి ఉంటుంది. 3200 వేగముగల డీడీఆర్4 స్టిక్కు ఒకటి సెకనుకు 25.6 గిగాబైట్లు మోయగలదు. రెండైతే 51.2. గ్రాఫిక్స్ కార్డు లేని మావాడి కంప్యూటరువంటి వాటిలో ఈ తేడా కంటికి కనబడుతుంది, ఎందుకంటే బొమ్మలు గీసేదీ ఆ దారి మీదనే.

జోడెడ్లు అన్నాము గనుక మరొక మాట. పొట్టి ఎద్దును, పొడుగు ఎద్దును ఒకే కాడికి కడితే బండి నెమ్మదైనదాని నడకే నడుస్తుంది, ఒక్కోసారి మొరాయిస్తుంది. మెమరీ కూడా అంతే. ఈ నెల ఒకటి, వచ్చే నెల మరో కంపెనీది మరొకటి కొని కలిపితే, రెండూ నెమ్మదైనదాని వేగానికి దిగుతాయి, లేదా అసలు కంప్యూటరు లేవకపోవచ్చు. ఒకే పెట్టెలో జతగా అమ్మేవే కొనాలి.

నాలుగు స్లాట్లు ఉన్నాయి గదా, నాలుగూ నింపితే ఇంకా మేలు కదా అని అబ్బాయి అడిగాడు. డీడీఆర్5లో అది నష్టమే. రైజెన్ 9000 వరుస ప్రాసెసర్లకు ఏ.ఎం.డి. వారు ఇచ్చిన హామీ రెండు స్టిక్కులకు 5600 వేగం, నాలుగు పెడితే 3600 మాత్రమే. కాబట్టి డీడీఆర్5 కొనేవారు, రేపు పెంచుకుందాంలే అని చిన్న జత కొనేకంటె, చేతనైనంతలో సరిపడే జత ఒకేసారి కొనుక్కోవడం తెలివి.

వేగము, ఆలస్యము

పెట్టెమీద డీడీఆర్4-3200 సి.ఎల్.16 అని ఉంటుంది. మొదటిది చూసి పొంగిపోయి రెండవది వదిలేస్తారు. పొలంలో మోటారు సంగతి చూడండి. గొట్టం ఎంత లావైతే అంత నీరు వస్తుంది. కాని మీట నొక్కిన తరువాత మొదటి చుక్క పడటానికి కొంతసేపు పడుతుంది. 3200 అన్నది గొట్టం లావు. సి.ఎల్. అన్నది మొదటి చుక్కకు పట్టే ఆలస్యాన్ని చెప్పే అంకె.

లెక్క సులభం. సి.ఎల్. అంకెను 2000తో హెచ్చించి, వేగపు అంకెతో భాగించాలి. వచ్చేది నానోసెకన్లలో ఆలస్యం. 3200 సి.ఎల్.16కు 10. అదే 3200 సి.ఎల్.22కు 13.75. డీడీఆర్5లో 6000 సి.ఎల్.30కు 10. 6000 సి.ఎల్.40కు 13.3. చూశారా, కొత్త తరమైనంత మాత్రాన మొదటి చుక్క త్వరగా పడదు. గొట్టం మాత్రం లావవుతుంది. డీడీఆర్4లో 3200 సి.ఎల్.16, లేక 3600 సి.ఎల్.18, డీడీఆర్5లో 6000 సి.ఎల్.30 లేక 36 మొదటి కంప్యూటరుకు చక్కగా సరిపోతాయి. అంతకు మించిన వేగాలకు పెట్టే డబ్బు ఆటలో పెద్దగా కనబడదు. ఆ డబ్బు గ్రాఫిక్స్ కార్డుకో, మంచి పవర్ సప్లైకో పెడితే ప్రయోజనం.

దీపాలవల్ల వేగం రాదు. పైనుండే లోహపు రేకు మరీ ఎత్తుగా ఉంటే ప్రాసెసరు ఫ్యానుకు అడ్డం పడవచ్చు. అది కూడా కొలుచుకోవాలి.

బిగించిన రోజు

డిసెంబరులో ఒక శనివారం మా ముందుగదిలో చాప పరిచి అందరం కూర్చున్నాము. ప్లగ్గు తీసి ఉన్నదో లేదో రెండుసార్లు చూసుకున్నాము. అబ్బాయి ముందుగా క్యాబినెట్ లోహాన్ని తాకాడు, ఒంటిలోని స్థిర విద్యుత్తు పోవడానికి. బోర్డు పుస్తకం తెరిచాడు. నాలుగు స్లాట్లున్న బోర్డుల్లో ఎక్కువగా ప్రాసెసరునుంచి లెక్కపెడితే రెండవదీ నాలుగవదీ ముందు నింపాలి. గంటు సరిచూసుకుని, రెండు చివరలా సమంగా నొక్కితే టక్కుమని గొళ్లెం పడింది. ఈసారి దిగింది. వాళ్ల అమ్మ ముఖంలో వెలుగు చూడవలసిందే.

కంప్యూటరు లేచిన తరువాత విండోస్‌లోని టాస్క్ మేనేజరు తెరిచి చూస్తే, మెమరీ వేగం 2400 అని చూపింది. 3200 అని కొన్నాము గదా, మోసపోయామా అని మేము కంగారుపడ్డాము. అబ్బాయి నవ్వి, "లేదు నాన్నగారూ, ఇది మొదట నెమ్మదిగానే లేస్తుంది" అన్నాడు. బయాస్‌లోకి వెళ్లి ఎక్స్.ఎం.పి. అనే అమరికను ఆన్ చేశాడు. అప్పుడు 3200 అయింది. డీడీఆర్5 ఏ.ఎం.డి. బోర్డుల్లో దీనిని ఎక్స్‌పో అంటారు. ఈ ఒక్క మీట నొక్కక, డబ్బు పెట్టి కొన్న వేగాన్ని సంవత్సరాలపాటు వాడుకోనివారు ఉన్నారు.

డీడీఆర్5 పెట్టేవారు మరొకటి తెలుసుకోవాలి. మొదటిసారి ఆన్ చేసినప్పుడు బోర్డు మెమరీని పరీక్షించి సర్దుకుంటుంది. కొన్ని నిమిషాలపాటు తెర నల్లగానే ఉండవచ్చు. చెడిపోయిందని భయపడి మధ్యలో ఆపవద్దు.

ఆ రాత్రి మెమ్‌టెస్ట్86+ అనే ఉచిత పరీక్ష పెట్టి పడుకున్నాము. ఉదయానికి తప్పులు సున్నా. ఒక్క తప్పు చూపినా ఆ మెమరీని తిరిగి ఇచ్చివేయాలి. ఇచ్చే గడువు దాటకముందే, కొన్న వారంలోనే ఈ పరీక్ష చేయాలి. బిల్లు పారవేయరాదు.

కాగితం మీద రాసుకోవలసినవి

1. మదర్ బోర్డు పూర్తి పేరు. అది డీడీఆర్4దా, డీడీఆర్5దా?

2. ఆడబోయే ఆటలకు తయారీదారులు చెప్పిన మెమరీ ఎంత?

3. ఒకే పెట్టెలో జతగా రెండు స్టిక్కులు.

4. వేగము, సి.ఎల్. రెండూ. ఆలస్యం లెక్క వేసి చూసుకోవాలి.

5. బోర్డు తయారీదారు పట్టికలో ఆ మెమరీ పేరు ఉన్నదా?

6. పెట్టె విప్పితే తిరిగి తీసుకుంటారా? గ్యారంటీ ఎన్నాళ్లు? డబ్బు ఇవ్వకముందే అడగాలి.

7. ఈ కాగితం ఇంట్లో ఒకరికైనా చూపించాలి.

తలిదండ్రులకు

ఇప్పుడు అబ్బాయి శనివారం సాయంత్రాలు తమ్ముడితో కలిసి ఆడుకుంటాడు. మిగతా రోజుల్లో ఆ కంప్యూటరుమీదనే కాలేజీ ప్రోగ్రాములు రాస్తాడు. 16 జీబీ చాలిందా అని అడిగాము. "చాలింది నాన్నగారూ. ఇంకా రెండు స్లాట్లు ఖాళీగా ఉన్నాయి. ఎప్పుడైనా ధరలు దిగితే చూద్దాం" అన్నాడు.

మా మాట ఒక్కటే. బిడ్డ తన కష్టంతో ఒక వస్తువు కట్టుకుంటానని వచ్చినప్పుడు, అది మనకు తెలియని విద్య అయినా సరే, పక్కన కూర్చుని కాగితం చూడండి. తెలియకపోతే వాడినే అడిగి నేర్చుకోండి. పొరపాటున కొన్న మెమరీని అమ్ముకోవచ్చు, మార్చుకోవచ్చు. తప్పు చెప్పడానికి భయపడి బిడ్డ గడిపిన నలభైరోజులు మాత్రం మేము వాడికి తిరిగి ఇవ్వలేము. మీ ఇంట ఆ పెట్టె ట్రంకు అడుగుకు పోకుండా, మీ బల్లమీదనే ఉండునట్లు చూసుకోండి.